ఖిమీ వాకిట్లో కూర్చున్న దేవుడు

కరాణా ఊళ్ళో ఖిమీ దేవి మాట్లాడినంత శుద్ధంగా కరాణా మాట మాట్లాడేవాళ్ళు మరొకరు లేరు. ఈ సంగతి ఊరంతా ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే ఖిమీ ఊరుకోదు.

“పై ఊరివాళ్ళు మాటని సాగదీస్తారు. కింది ఊరివాళ్ళు సగం మింగేస్తారు. వాగవతలి వాళ్ళు ముక్కుతో మాట్లాడతారు. దేవుడిచ్చిన నోటితో మాట్లాడేది మనమొక్కళ్ళమే,” అని ఆవిడ ఎండలో కూర్చుని ఉన్ని వడుకుతూ తీర్పు చెప్పేది. ఆ మాటకొస్తే పై ఊరివాళ్ళూ, కింది ఊరివాళ్ళూ, వాగవతలి వాళ్ళూ కూడా కరాణా వాళ్ళ మీద ఇలాంటి తీర్పే చెబుతుంటారు. కొండకో మాట ఉన్న చోట ఇంతకంటే ఏం జరుగుతుంది! కోడల్ని తెచ్చుకున్న ప్రతి ఇల్లూ ఊరికో కొత్త నవ్వులాట తెచ్చి పెట్టినట్టే.

ఇంతకీ తమాషా ఏమిటంటే, ఖిమీది కరాణా కానే కాదు.

ఆవిడ పుట్టింది కనుమ దాటాక, ఆవలి వాలులో ఉన్న బఠేణ్ ఊళ్ళో. పెళ్ళై వచ్చిన మొదటి రోజు అత్తగారితో “కాళ్ళు కడుక్కోండి, నీళ్ళు కాచాను” అని తన పుట్టింటి మాటలో మర్యాదగానే అంది. చావిట్లో ఉన్న ఆడవాళ్ళంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. తర్వాత అదో అలవాటైపోయింది. పెళ్ళిళ్ళలో డోలు కాసేపు ఆగితే చాలు, “ఏదీ, బఠేణ్ పిల్లా, ఓ మాటను!” అనేవారు. ఆవిడ మాట అనేది, వాళ్ళు నవ్వేవారు. రెండోసారి అనమనేవారు. మొక్కజొన్న కంకులు వలిచేటప్పుడు కూడా ఆవిణ్ణి అనుకరించి వంతులవారీగా పాటలా పాడేవారు. కొత్తకోడలు కదా, ఆవిడ కూడా వాళ్ళతో పాటే నవ్వేది. నవ్వి నవ్వి ఒకనాడు నీళ్ళకి వెళ్ళినప్పుడు ఊట దగ్గర ఒక్కతే కూర్చుని ఏడ్చింది. ఏడవడం అయ్యాక కరాణా మాట సాధన చెయ్యడం మొదలుపెట్టింది. బిందెతో మాట్లాడింది, రాయితో మాట్లాడింది, అటుగా వచ్చిన మేకతో కూడా మాట్లాడింది. రెండు చలికాలాలు తిరిగేసరికి కరాణాలో పుట్టినవాళ్ళకే తప్పులు దిద్దే స్థాయికి వచ్చింది.

అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కొత్తగా వచ్చిన కోడళ్ళ మాటని ఎగతాళి చెయ్యడంలో కూడా ఆవిడే ముందుండేది. నవ్విన అత్తలు ఒక్కొక్కరే పోయారు. ఖిమీ పుట్టిల్లు ఎక్కడో గుర్తున్నవాళ్ళు ఒకరిద్దరు మిగిలినా, గుర్తుందని చెప్పే ధైర్యం వాళ్ళకి లేదు. పుట్టింటి నుంచి గుర్తుచేసే దిక్కూ లేదు. ఒక చలికాలం కనుమ మంచుతో మూసుకుపోయినప్పుడు ఖిమీ తల్లి చనిపోయింది. ఆ కబురు మంచు కరిగాక వచ్చింది. తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ తర్వాత ఖిమీ ఆ దారి తొక్కలేదు.

బఠేణ్ మాట మాత్రం ఒక్క చోట బతికే ఉంది. ఇంటి కింద పశువుల కొట్టంలో ఖిమీ పాలు పితికేటప్పుడు తలుపు వేసుకునేది. పాలు పెరిగే మంత్రం చదువుతుందని ఊళ్ళో అనుకునేవారు. ఆవు మెడ నిమురుతూ ఆవిడ అనే మంత్రం ఇది: “ఏటే నా తల్లీ, తిన్నావేటి? ఒల్లు బాగున్నాదా? సలెక్కువైపోనాదే, నా బంగారుతల్లీ.” వాళ్ళమ్మ తనతో అలాగే అనేది. ఆవు జవాబు చెప్పదు, నవ్వదు. అందుకే ఆ ఆవంటే ఖిమీకి ప్రాణం.

ఆవిడ కొడుకు హుకమ్ యాపిల్ లారీ నడుపుతాడు. ఓ ఏడాది యాపిల్స్ దింపి రమ్మంటే చంబా వైపు వెళ్ళి, యాపిల్స్ దింపి, తారో అనే పిల్లని ఎక్కించుకుని వచ్చాడు. అతనెప్పుడూ రోడ్డు మీదే ఉంటాడు కాబట్టి అత్తాకోడళ్ళే ఇంట్లో మిగిలారు, ఖిమీ భర్త డాబే రామ్‌ని లెక్కలోకి తీసుకోకపోతే. అడిగితే తప్ప నోరు విప్పని మనిషి ఆయన. ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు.

తారో నోరు తెరిస్తే చాలు, ఖిమీ చెయ్యెత్తి ఆపేది. “అదేం మాటే? నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడుతున్నావా? మళ్ళీ అను. కరాణాలో అను.” తారో మళ్ళీ అనేది. ఖిమీ పక్కింటివాళ్ళకి వినపడేలా నవ్వేది. కొన్నాళ్ళకి తారో సైగలతో పని జరుపుకోవడం నేర్చుకుంది.

ఇలా ఉండగా, అక్రోట్లు రాల్చే రోజుల్లో, బఠేణ్ దేవుడు యాత్రకి బయలుదేరాడు.

ఆ దేవుడు నాగదేవుడు. చాలా ఏళ్ళకోసారి పల్లకిలో కనుమ దాటి, ఇవతలి ఊటలో స్నానం చేసి వెళతాడు. వెంట డోళ్ళు, బూరలు, పెళ్ళివారంత జనం. కరాణా మీదుగా పోయే బాటలో ఊరివాళ్ళు ధూపం వేసి, దణ్ణం పెట్టి, ఇహ వెళ్ళిపోతాడని నిలబడ్డారు. పల్లకి ఠక్కున ఆగింది. రెండుసార్లు వెనక్కీ ముందుకీ ఊగి, బాట వదిలి, చిక్కుడు చేను తొక్కుకుంటూ, మోసేవాళ్ళ టోపీలు ఎగిరిపోతుండగా పరుగెత్తి, ఖిమీ వాకిట్లో ఆరబోసిన మొక్కజొన్నల మీద కూర్చుంది.

మోసేవాళ్ళు మొయ్యడమే, నడిపేది దేవుడు. కాబట్టి వాళ్ళనేం అనడానికి లేదు. దేవుడు ఒంటి మీదికి వచ్చి పలికే గూర్‌ని అడుగుదామంటే, కనుమ దగ్గర చలిగాలికి అతని గొంతు పూర్తిగా పట్టేసింది. మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుని, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, కళ్ళతో క్షమాపణ చెబుతూ మూలన కూర్చున్నాడు. దేవుడికి జలుబు చేసిందని పిల్లలు ఊరంతా చాటేశారు.

ఇక మిగిలింది అడిగి చూడటమే. పల్లకి ముందుకి వంగితే అవును, వెనక్కి వాలితే కాదు. దేవుడి తరఫున పెత్తనం చేసే కార్దార్ నూప్ రామ్, కుర్రవాడే అయినా గంభీరంగా గొంతు సవరించుకుని, ఇంటివాళ్ళకి కూడా తెలియాలని కరాణా మాటలోనే అడిగాడు.

“స్వామీ, ఈ ఇంటి పొట్టేలు కావాలా?”

వెనక్కి వాలింది. డాబే రామ్ ఊపిరి పీల్చుకున్నాడు.

“అక్రోట్ చెట్టు నచ్చిందా?”

వెనక్కి.

“కాళ్ళు నొప్పులా?”

ఇంకా వెనక్కి. మోసేవాడొకడు పేడకుప్పలో పడ్డాడు.

“మీరు నడవలేదు కదా స్వామీ, మా కాళ్ళ సంగతి అడిగాను,” అని నూప్ రామ్ సర్దుకున్నాడు.

ఎవరి వాకిట్లో దేవుడు కూర్చుంటే ఆ ఇంటివాళ్ళే పరివారానికి తిండి పెట్టాలి. అది ఆచారం. ఖిమీ కొంగు బిగించి, తారోని వెంటేసుకుని, అక్రోట్ పప్పు కూరి ఆవిరి మీద ఉడికించిన సిడ్డూలు వరసగా దింపింది. మధ్యాహ్నం పెట్టింది. మర్నాడు పెట్టింది. దేవుడు లేవలేదు. గోధుమపిండి అయిపోవచ్చింది, నెయ్యి కుండ అడుగు కనిపించింది. వచ్చినవాళ్ళు మాత్రం తీరిగ్గా వరసల్లో కూర్చుని, నెయ్యిలో ముంచుకుంటూ, తమ మాటలో కబుర్లు చెప్పుకుంటున్నారు.

“ఏటిరా ఈ సిడ్డూ? ఇసిరితే గొర్రె సచ్చిపోద్ది,” అన్నాడు డోలు వాయించే ముసలాయన.

“మెల్లగా అను మావా, ఇంటావిడ ఇంటాది.”

“ఇంటే ఏటి? ఆవిడకి మన మాట తెల్దు కదా. నవ్వు, నవ్వితే ఇంకోటి ఎడతాది.”

ముప్పై ఏళ్ళ పైమాటే, పుట్టింటి మాట మనిషి నోట వినక. ఖిమీకి మొదట కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వెంటనే ఒళ్ళు మండింది. కోడలివైపు తిరిగి, “వీళ్ళేమంటున్నారే? ఒక్క ముక్క అర్థమై చావదు. గొంతులో రాళ్ళేసుకుని మాట్లాడతారేమో,” అని పైకి అని, ఆ ముసలాయనకి నవ్వుతూ ఇంకో సిడ్డూ వేసింది. తారో అత్తవంక ఒక క్షణం చూసి తల దించుకుంది.

దేవుణ్ణి లేపడానికి ఊరు ఊరంతా పూనుకుంది. పూజారి సంస్కృతంలో బతిమాలాడు. పట్వారీగా చేసి దిగిన పెద్దమనిషి హిందీలో, మహారాజశ్రీ వారు దయచేయవలసిందని విన్నవించాడు. ఉద్యోగం మానేసిన బస్సు కండక్టర్ ఒకాయన వచ్చి పల్లకి వెనక గట్టిగా చరిచి, “రైట్, రైట్! పోనీ!” అన్నాడు. అలవాటు కొద్దీ మోసేవాళ్ళు లేచారు గానీ పల్లకి లేవలేదు.

చివరికి ఊరి దేవుడు కరాణా రిషిని పిలుచుకొచ్చారు, దేవుడి మాట దేవుడు వింటాడని. రిషి పల్లకి వచ్చి, నాగదేవుడి ఎదురుగా కాసేపు ఊగి, అలిగినట్టు పక్కకి తిరిగి, అదే వాకిట్లో కూర్చుంది. ఇప్పుడు ఇద్దరు దేవుళ్ళు, రెండు పరివారాలు. వాళ్ళ డోలు మోగితే వీళ్ళ డోలు ఇంకా గట్టిగా మోగేది. ఖిమీ చిక్కుడు గింజల డబ్బా కూడా దింపింది.

ఆ సాయంత్రం నూప్ రామ్‌కి కొత్త ప్రశ్న తట్టింది. అసలు మొదటే తట్టాల్సింది. ఊళ్ళో పుట్టిన ప్రతి ఆడపిల్లకీ ఊరి దేవుడు అన్నలెక్క. పెళ్ళై ఎక్కడికి పోయినా సరే, ఆ ఇంటి మీదుగా వెళుతూ పలకరించకుండా పోడు. ఆ పిల్ల తన మాటలో “వెళ్ళిరా” అంటే తప్ప ఆ వాకిలి వదలడు.

“స్వామీ, మన ఊరి ఆడపడుచు ఎవరైనా ఈ ఇంట్లో ఉందా?”

పల్లకి ఎంత జోరుగా ముందుకి వంగిందంటే, దానికి కట్టిన దేవుడి వెండి ముఖాలు గలగలమని మోగాయి. వాకిలంతా గుసగుసలు. డాబే రామ్ నోరు తెరిచాడు. ఖిమీ ఆయన బొటనవేలు తొక్కింది. ఆయన నోరు మూసుకున్నాడు.

ఖిమీ లోలోపలే లెక్క వేసుకుంది. చెబితే ఏమవుతుంది? ఇన్నేళ్ళుగా ఆవిడ కట్టుకున్న పేరంతా కూలుతుంది. రేపటి నుంచి ఎండలో ఉన్ని వడికేచోట “ఏదీ బఠేణ్ పిల్లా, ఓ మాటను” అని మళ్ళీ మొదలవుతుంది. ఈ వయసులో! చచ్చినా చెప్పకూడదనుకుంది.

చెప్పక్కర్లేకుండానే జనం కళ్ళన్నీ తారో మీద వాలాయి. ఆ ఇంట్లో బయటి నుంచి వచ్చింది ఆ పిల్లే కదా. కరాణా మాట రానిది కూడా ఆ పిల్లకే.

“నాది చంబా,” అంది తారో బెదురుతూ.

“చంబా అయితే ఏం? మీ అమ్మమ్మో నానమ్మో మా ఊరిదై ఉంటుంది,” అన్నాడు నూప్ రామ్. “అన్నకి వెళ్ళిరమ్మని చెప్పు తల్లీ. నీ మాటలోనే చెప్పు.”

తారో చేతులు జోడించి చంబా మాటలో చెప్పింది. పల్లకి వెనక్కి వాలింది. కరాణా మాటలో తడబడుతూ చెప్పింది. వెనక్కే. ఎవరో మొదలుపెట్టారు, ఆడవాళ్ళంతా కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఖిమీకి బాగా తెలుసు. ఏళ్ళ తరబడి దాన్ని మోగించింది తనే.

ఎప్పుడో కనుమ దాటి వెళ్ళిన ఆడపిల్లలెవరో గుర్తురాక, బఠేణ్ పెద్దలు తల పట్టుకుని ఆలోచించి ఒక నిర్ణయానికొచ్చారు. పిల్ల తన మాట మరిచిపోయింది, దేవుడికి కోపమొచ్చింది. కాబట్టి పల్లకితో పాటు నడిచి కనుమ దాటి రావాలి. దేవుడు శాంతించేదాకా గుడి దగ్గర ఊడుస్తూ ఉండాలి. ఎన్నాళ్ళంటే, ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు. కరాణా రిషిని కూడా అడిగారు. అతిథిని వదిలించుకోవాలన్న తొందరో ఏమో, ఆయన ఠక్కున ముందుకి వంగి సరేనన్నాడు.

తారో అత్తవంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. లోపలికి వెళ్ళి తన ఉన్ని శాలువా భుజాన వేసుకుని, గడప మీద కూర్చుని జోళ్ళు తొడుక్కోసాగింది.

ఖిమీ ఆ కాళ్ళవంక చూసింది. అలాంటి కాళ్ళతోనే తను ఆ కనుమ దిగి వచ్చింది, తెలియని మాటల్లోకి. చేతిలోని గరిటె విసిరేసింది.

“ఓరి నీ దుంపతెగ! దేవుడివేటి నువ్వు?” అని ఒక్క కేక పెట్టింది. డోళ్ళు ఆగిపోయాయి. “కల్లు నేవేటి నీకు? ఆ గుంటనెందుకు ఏపుకు తింతన్నావు? నాను కానా నీ ఆడపడుసుని? అన్నంట, అన్న! మాయమ్మ సచ్చిపోనప్పుడు ఏ గుల్లో కూకున్నావు? నెయ్యి తింతన్నావా? మంచు కరిగినాక తెలిసినాది నాకు! నా సేతి గుక్కెడు నీల్లు కూడా మాయమ్మకి అందనేదు! ఇన్నేల్లకి తగుదునమ్మా అని వొచ్చి, నా ఇంట గింజ నేకుండ మేపించుకుంతన్నావు. లెగు! లెగుతావా నేదా?” ఊపిరి తీసుకోవడానికి ఆగి, డోలు ముసలాయన వైపు తిరిగింది. “నువ్వు! డోలోడా! నా సిడ్డూ ఇసిరితే గొర్రె సచ్చిపోద్దా? మాయమ్మ నేర్పిన సిడ్డూరా అది!”

ముసలాయన చేతిలోని సిడ్డూ కింద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

పల్లకి లేచింది. మోసేవాళ్ళు కర్రలందుకునేలోపే లేచినట్టు అనిపించింది. గిర్రున తిరిగి, గంతేసి, ఖిమీ ముందుకి వచ్చి, వెండి ముఖాలు ఆవిడ తలగుడ్డకి తగిలేదాకా వంగి అలాగే ఉండిపోయింది. ఖిమీ రెండు చేతులతో పల్లకిని పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తిడుతూనే ఏడ్చింది. చివరికి ముక్కు తుడుచుకుని అంది: “సర్లే. ఎల్లిరా అన్నా. మల్లీ రా. ఈపాలి కబురెట్టి రా.”

ఆ క్షణంలోనే గూర్ గొంతు తెరుచుకుంది. రెండు రోజులుగా మూగబోయిన దేవుడి నోటి నుంచి మొదటి మాట ఏమొస్తుందోనని జనం చేతులు జోడించి ఎదురుచూశారు. గూర్ వణికిపోతూ, “సెల్లీ,” అన్నాడు ఖిమీతో, “ఇంకో సిడ్డూ ఉంటే ఎట్టు.”

అది దేవుడన్నాడా గూర్ అన్నాడా అన్నది కరాణాలో ఇప్పటికీ తేలలేదు.

దేవుడు వెళ్ళిపోయాడు. రిషి కూడా తన గౌరవం తనకి దక్కిందన్నట్టు ఊగుతూ గుడికి చేరాడు. ఊరి ఆడవాళ్ళు మాత్రం కదల్లేదు. ఖిమీ మాట విని నవ్వాలని వాళ్ళ పెదాలు ఉబలాటపడుతున్నాయి. కానీ దేవుణ్ణే లేపి పంపిన నోరు ముందు నవ్వేదెవరు? ఒక్కొక్కరే బుట్టలెత్తుకుని జారుకున్నారు.

“ఆవిడది బఠేణ్ అని నీకు తెలుసా?” అని కండక్టర్ డాబే రామ్‌ని నిలదీశాడు.

“తెలుసు. పెళ్ళికి నేను కూడా వెళ్ళాను కదా.”

“మరి చెప్పవేం?”

“ఎవరైనా అడిగారా?” అని డాబే రామ్ తొక్కుడుపడ్డ బొటనవేలు చూసుకున్నాడు.

వాకిట్లో తొక్కిన మొక్కజొన్నలు ఏరుతూ అత్తాకోడళ్ళు మిగిలారు. తల ఎత్తకుండానే ఖిమీ అడిగింది.

“నువ్వు ఆశ్చర్యపోలేదేం?”

“నాకు తెలుసు అత్తా,” అంది తారో, తనకొచ్చిన కరాణా మాటలో. “వచ్చిన కొత్తలోనే తెలుసు, నీ సొంత మాట వేరే ఉందని. దేవుడి పరివారం నోరు విప్పగానే అదీ ఇదీ ఒకటేనని పోల్చుకున్నాను. నేను పడుకునే గది కొట్టం మీదే కదా. చెక్కల సందులోంచి వినపడుతుంది, నువ్వు ఆవుతో మాట్లాడేది.”

ఖిమీ చేతులు ఆగాయి. “మరి నిన్ను తీసుకుపోతామంటే ఎందుకు చెప్పలేదే, పిచ్చిదానా?”

తారో గింజలు ఏరుతూనే ఉంది. “అర్థం తెలియదు గానీ, ఈ ఇంట్లో నా చెవిన పడే మంచి మాట అదొక్కటే. నాతో కాకపోయినా పొద్దున్నే అది వింటూ లేస్తాను. చెప్పేస్తే సిగ్గుపడి అది కూడా మానేస్తావేమోనని.”

ఖిమీ తప్పులు దిద్దడానికి ఎప్పుడూ ఎత్తే చెయ్యి ఒడిలోనే ఉండిపోయింది. సిగ్గుతో ముఖం కాలిపోయింది. లేచి, పాల చెంబు తీసుకుని కొట్టంలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ పూట లోపలినుంచి ఏ మంత్రమూ వినపడలేదు.

మర్నాడు పొద్దున తారో నిద్ర లేచేసరికి ఎండ గుమ్మం దాకా వచ్చేసింది. ఇన్నాళ్ళలో అత్త ఆమెను అంతసేపు పడుకోనిచ్చింది లేదు. కంగారుగా చెక్కల సందుకి చెవి పెట్టింది. కింద చప్పుడు లేదు. నిన్న భయపడినంతా అయిందనుకుని, నెమ్మదిగా బయటికి వచ్చింది.

“ఏటే నా తల్లీ, తిన్నావేటి?”

తారో ఉలిక్కిపడి కొట్టంవైపు చూసింది. తలుపు బార్లా తీసి ఉంది. డాబే రామ్ ఆవుని మేతకి తోలుకుపోయి చాలాసేపైంది. వెనక్కి తిరిగితే ఖిమీ వాకిట్లోని పొయ్యి దగ్గర కూర్చుని, పళ్ళెంలో వేడి సిడ్డూ పెట్టుకుని, తలవంచి, దాని మీద నెయ్యి పోస్తోంది.